పాలసీసానా, ఉగ్గుగిన్నెనా?

మా అక్క కూతురి బారసాలకి నాలుగు పాలసీసాలు గిఫ్టుగా వచ్చాయి. వాటి వెనకే సీసాల్లో క్రిములు చంపే స్టెరిలైజర్, పాలు వెచ్చబెట్టే వార్మర్, సీసాలు ఆరబెట్టే స్టాండు కొనాల్సొచ్చింది. అమ్మ చేయించిన వెండి ఉగ్గుగిన్నె మాత్రం బీరువా దాటి రాలేదు.

నేరుగా తల్లిపాలు తాగే బిడ్డకి మొదటి 6 నెలలు సీసా, గిన్నె రెండూ అక్కర్లేదు, మంచినీళ్లు కూడా అక్కర్లేదు. తల్లి పాలు పిండిపెట్టి పనికి వెళ్లాల్సి వచ్చినా, నెలలు నిండని బిడ్డ రొమ్ము చీకలేకపోయినా అప్పుడే ఏది మేలన్న ప్రశ్న.

శుభ్రం చేయడం దగ్గరే నా ఓటు గిన్నెకి పడింది. సీసా మూత మరల్లో, పాలపీక లోపల పాలజిడ్డు పేరుకుంటుంది, బ్రష్షు కూడా సరిగ్గా అందదు. అక్కడే క్రిములు చేరి విరేచనాలు పట్టుకుంటాయి. గిన్నె అంతా తెరిచే ఉంటుంది కదా, వేలు తగలని చోటు లేదు. సబ్బుతో తోమి మరిగే నీళ్లలో వేస్తే చాలు. నవజాత శిశువుల వార్డుల్లో నర్సులు 'పలాడై' అంటూ వాడేది దాదాపు ఈ గిన్నెనే. నగిషీల వెండిది ఫొటోకి బాగుంటుంది గానీ, తోమడానికి నున్నటి స్టీలుదే హాయి.

అయితే దీనికి ఓపిక కావాలి. బిడ్డని కాస్త నిటారుగా పట్టుకుని, గిన్నె అంచు పెదవికి ఆనించి, ఒక గుక్క మింగాకే ఇంకొకటి. గబుక్కున పోస్తే పొలమారుతుంది. కవలలున్న ఇంట్లో, రాత్రి రెండింటికి, సాయానికి ఇంకో మనిషి లేనప్పుడు సీసాయే సులువు. అప్పుడు వాడితే తప్పేం లేదు, ప్రతిసారీ విడదీసి కడిగి ఉడికించాలంతే.

పాలపొడి, పాలసీసా, రెండేళ్లలోపు పిల్లల ఆహారం, వీటికి ప్రకటనలు ఇవ్వడం మన దేశంలో నేరం. 1992 నాటి చట్టం అది, 2003లో ఇంకా బిగించారు. కానీ స్టెరిలైజర్లు, వార్మర్లు ఆ జాబితాలో లేవు. ఫోన్ తెరిస్తే కనిపించేవి అవే మరి!

2017 నుంచి మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల ప్రసూతి సెలవుంది. అది పూర్తిగా ప్రసవం తర్వాతే వాడుకున్న తల్లి డ్యూటీలో చేరేసరికి బిడ్డకి దాదాపు ఆరు నెలలు నిండుతాయి, ఉగ్గు మొదలవుతుంది, చిన్న గ్లాసుతో తాగడమూ నేర్పొచ్చు. సీసా ఊసే రాదు. అంత సెలవు దొరకని తల్లికైతే వార్మర్ డబ్బులు పాలు పిండే పంపుకి పెట్టమంటాను. పాలు వెచ్చబెట్టడానికి గోరువెచ్చటి నీళ్ల గిన్నె ఎటూ ఇంట్లో ఉంటుంది.