గస్సీకి పది డాలర్లు: బరంపురంలో అద్దెకిచ్చే పాత హాలీవుడ్ సినిమాల పెట్టె

ఒడిశాలోని బరంపురంలో ప్రొజెక్టర్లు అద్దెకిచ్చే ఒక దుకాణంవాళ్లు నాలుగు పాత హాలీవుడ్ ప్రేమ కామెడీలను ఒక పెట్టెగా కట్టి ఇస్తున్నారు. ప్రొజెక్టరు, ప్లేయరు, స్పీకరు, తెలుగులో ఒక పరిచయ కాగితం కూడా ఇస్తారు. శనివారం తీసుకెళ్తే సోమవారం తెచ్చివ్వాలి. పెట్టె మంచిదే, చిక్కంతా ఆ కాగితంతోనే. “కులం, రంగు ఎరగని ప్రేమకథలు” అని రాశారు అందులో. ఎరగకపోవడమేమిటి, రంగు గురించి రాతపూర్వకంగా నిబంధనే ఉండేది! 1930లో హాలీవుడ్ రాసుకుని, 1934 జులై నుంచి గట్టిగా అమలుచేసిన హేస్ కోడ్‌లో (తెరమీద ఏం చూపొచ్చో, ఏం చూపకూడదో చెప్పే నిబంధనావళి) తెల్లవారికీ నల్లవారికీ మధ్య ప్రేమసంబంధం తెరమీద చూపకూడదని ఉంది. ఆ కోడ్ పూర్తిగా పోయింది 1968లో.

పెట్టెలో మొదటిది ‘ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్’ (1934). ఇప్పటికీ హాయిగా నవ్విస్తుంది, అంతకుమించి ఇక్కడ చెప్పేదేమీ లేదు.

అసలు చూడాల్సింది ‘మిస్టర్ బ్లాండింగ్స్ బిల్డ్స్ హిజ్ డ్రీమ్ హౌస్’ (1948). క్యారీ గ్రాంట్ ప్రకటనలు రాసే ఉద్యోగి. ‘వామ్’ అనే హామ్‌కి ఒక నినాదం దొరక్క రాత్రంతా కూర్చుంటాడు. పొద్దున్నే టిఫిను వడ్డిస్తూ నల్లజాతి వంటమనిషి గస్సీ (లూయీస్ బీవర్స్) మాటవరసకు అన్న వాక్యమే నినాదమై అతని ఉద్యోగం నిలబెడుతుంది. ఆమెకు దక్కింది జీతంలో పది డాలర్ల పెంపు! తెలుగు సినిమాల్లో ఉత్తరాంధ్ర యాస పనివాళ్ల నోటా కమెడియన్ల నోటా వినీవినీ విసిగిన గంజాం, గజపతి జిల్లాల తెలుగువాళ్లకు ఈ సీను విడమరిచి చెప్పక్కర్లేదు.

‘బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్’ (1961)లో పై అంతస్తు జపనీయుడు యునియోషిగా తెల్లజాతి నటుడు మిక్కీ రూనీ కట్టుడుపళ్లు పెట్టుకుని వేసిన వేషం మొదటి కొద్ది నిమిషాల్లోనే వస్తుంది. పిల్లలతో చూస్తుంటే ముందే చెప్పి కూర్చోబెట్టండి, సీను దాటించొద్దు. దర్శకుడు బ్లేక్ ఎడ్వర్డ్స్ కూడా తర్వాత ఆ ఎంపికకు నొచ్చుకున్నాడు. “ఆ రోజులు అలాంటివి” అంటుంది కాగితం. అదే 1961లో ‘ఫ్లవర్ డ్రమ్ సాంగ్’ వచ్చింది. నాన్సీ క్వాన్, జేమ్స్ షిగెటా, మియోషి ఉమెకీ ముఖ్యపాత్రలు. అందులోనూ చైనా పెద్దావిడ వేషం నల్లజాతి నటి హువానిటా హాల్‌ది, అది వేరే సంగతి. కానీ ఆసియా మొహాలతో ప్రేమకథ తీయొచ్చని అప్పుడే తెలుసు కదా. దుకాణంవాళ్లు ఈ రెండూ జోడీగా ఇస్తే బాగుంటుంది.

నాలుగోది ‘గెస్ హూస్ కమింగ్ టు డిన్నర్’ (1967). తెల్లమ్మాయి, నల్లబ్బాయి పెళ్లి కథ ఇది. తీస్తున్న రోజుల్లో ఇలాంటి పెళ్లి అమెరికాలో 16 రాష్ట్రాల్లో నేరం, జూన్‌లో సుప్రీంకోర్టు ఆ చట్టాలు కొట్టేసింది, డిసెంబరులో బొమ్మ విడుదలైంది. అంత తెగించినవాళ్లు కూడా ముద్దును టాక్సీ అద్దంలోనే చూపించారు. ఆ నల్లబ్బాయిగా వేసిన సిడ్నీ పోయిటియర్‌కేమో వంక పెట్టలేని డాక్టరు పాత్ర. అల్లుడిగా అడుగుపెట్టాలంటే అంత అర్హత కావాలన్నమాట.

ఇక సామాను సంగతి. మొదటి రెండు బొమ్మలూ దాదాపు చదరంగా ఉంటాయి (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 1.37:1). ప్రొజెక్టరు వెడల్పు తెరకు, అంటే 16:9లో, పెట్టి ఇస్తున్నారు, అలాగే వేస్తే మొహాలు అడ్డంగా సాగుతాయి. 4:3కి మార్చండి. జూమ్ చేస్తే తలలతోపాటు కింది సబ్‌టైటిళ్లూ తెగిపోతాయి. డిస్కులు అమెరికావి, రీజియన్ 1 (ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే అంకె). మన దేశానిది 5 కాబట్టి ఇంట్లో ప్లేయరు వాటిని తీసుకోకపోవచ్చు, వాళ్లిచ్చినదే వాడండి. పాతవాటికి సరౌండ్ ఆపేయండి, లేకపోతే మాటలు గుహలోంచి వచ్చినట్టుంటాయి. సబ్‌టైటిళ్లు ఇంగ్లిషులోనే ఉన్నాయి, గస్సీ నినాదంలోని ప్రాస తెలుగులో ఎవరైనా పక్కనుండి చెప్పాల్సిందే.