అనాథ రైళ్ల నవల కొనేవాళ్లకు హెచ్చరిక: అమ్మే పేజీ కింద ఉన్న రివ్యూలు చూసి ఆర్డర్ పెట్టకండి

అమెరికాలో 1854 నుంచి 1929 వరకు నడిచిన 'అనాథ రైళ్ల' మీద వచ్చిన ఒక చారిత్రక నవల గురించి ఇది. న్యూయార్క్ లాంటి ఊళ్లనుంచి పిల్లల్ని రైలెక్కించి, పడమటి రాష్ట్రాల్లో ఎవరు తీసుకుంటే వాళ్లకు అప్పగించిన కథ. పేరు చెప్పడం లేదు. ఇదే విషయం మీద చాలా నవలలున్నాయి, ఈ ఇబ్బంది వాటిలో దేనితోనైనా రావచ్చు. ఆన్‌లైన్‌లో కొనేముందు ఒక్కసారి ఇది చదవండి.

నాకు వచ్చిన పార్శిల్లో ఉన్నది అసలు నవలే కాదు. అట్ట మీద అదే రైలు పెట్టె, కిటికీలోంచి చూస్తున్న అదే పిల్ల, పెద్ద అక్షరాల్లో అదే పేరు. ఆ పేరు కింద ఒక మూలకు మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో 'సారాంశం, చర్చా ప్రశ్నలు' అని ఉంది. లోపల అధ్యాయానికి రెండు పేరాల చొప్పున కథంతా చెప్పేశారు. ముగింపు కూడా దాచలేదు. ప్రతి అధ్యాయం చివర "ఈ పాత్ర ఎందుకు బాధపడింది?" లాంటి ప్రశ్నలు. రచయిత రాసిన వాక్యం ఒక్కటీ లేదు.

మరి నేను కొన్న సైట్‌లో ఆ పుస్తకం పేజీలో కనిపించిన రివ్యూలు ఎవరివి? నవల చదివినవాళ్లవి. రాత్రంతా మేలుకుని చదివామని, అక్కనీ తమ్ముణ్ణీ వేరు చేసే చోట ఏడుపు ఆగలేదని వాళ్లు రాసింది నిజమే. కానీ అమ్మకానికి పెట్టింది వేరే పుస్తకం. చాలా సైట్లలో గట్టి అట్ట, పేపర్‌బ్యాక్, ఆడియో ఇలా అన్ని రకాలకూ వచ్చిన స్పందనల్ని ఒకే చోట చూపిస్తారు. ఈ సారాంశం పుస్తకాన్ని కూడా ఆ వరసలోకి ఎక్కించేశారు. అమ్మినవాళ్లను అడిగితే వివరణలో రాశామన్నారు. నిజంగానే రాశారు, 'మరింత చదవండి' నొక్కితే వచ్చే భాగంలో, అట్టడుగున. సీల్ విప్పారు కాబట్టి డబ్బు పూర్తిగా తిరిగి ఇవ్వం అన్నారు. విప్పకుండా లోపల ఏముందో ఎవరికైనా ఎలా తెలుస్తుంది?

డబ్బు సంగతి అలా ఉంచితే, నన్ను ఎక్కువ బాధపెట్టింది నవలే. దాన్ని తర్వాత వేరే చోట సంపాదించి చదివాను. ఇదంతా అక్షరాలా జరిగిందేనని, చరిత్ర పుస్తకాలు చెప్పనిది ఈ నవల చెప్పిందని, పిల్లల చేత కూడా చదివించమని స్పందనల్లో ఒకరి తర్వాత ఒకరు రాశారు. ఆ మాట నమ్మి కొంటే మాత్రం మోసపోతారు.

నవల్లో అక్కాతమ్ముళ్లకు తల్లీ తండ్రీ ఇద్దరూ చనిపోయి ఉంటారు, రైల్లో ఉన్న మిగతా పిల్లలందరూ అంతే. వాస్తవంలో ఆ రైళ్లెక్కిన పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. భర్త పోయిన ఆడవాళ్లు, జబ్బున పడ్డవాళ్లు, పని దొరకనివాళ్లు కొన్నాళ్లు చూసుకోమని ఆశ్రమంలో వదిలితే, తిరిగొచ్చేసరికి బిడ్డ రైలెక్కి వెళ్లిపోయిన సందర్భాలున్నాయి. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను ఇంటినుంచి తీసేయకూడదన్న మాట 1909లో వైట్‌హౌస్‌లో జరిగిన సమావేశం తర్వాతే బలపడింది. నవల ఈ తల్లులందర్నీ ముందే చంపేసింది. అందుకే పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లు పాఠకులకు దేవుళ్లలా కనిపిస్తున్నారు.

చర్చిలో పిల్లల్ని వేదిక మీద నిలబెట్టే దృశ్యం బాగా రాశారు, అది ఒప్పుకోవాలి. ఒక రైతు వచ్చి కుర్రాడి జబ్బ పట్టి నొక్కి చూస్తాడు, నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. ఇలాంటివి ఆ రైళ్లలో వెళ్లినవాళ్లే పెద్దయ్యాక చెప్పుకున్నారు. కానీ ఆ వెంటనే ఒక జడ్జి వస్తాడు, దత్తత కాగితాల మీద సంతకాలవుతాయి, కుర్రాడు ఆ ఇంటి కొడుకైపోతాడు. 1853లో ఛార్లెస్ లోరింగ్ బ్రేస్ న్యూయార్క్‌లో మొదలుపెట్టిన, ఈ రైళ్లలో పిల్లల్ని పంపిన చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీ వాళ్లను ఇలా ఇవ్వలేదు. చట్టప్రకారం దత్తత తప్పనిసరి కాదు. నచ్చకపోతే ఆ కుటుంబం పిల్లవాణ్ణి తిప్పి పంపొచ్చు. కొందరు పిల్లలు ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి, అక్కణ్ణించి మరో ఇంటికి మారుతూనే పెరిగారు. రేపు ఈ ఇంట్లో ఉంటానో లేదో తెలియని భయంతో బతకడం అంటే ఏమిటో ఫాస్టర్ ఇళ్లలో, అంటే దత్తత లేకుండా కొన్నాళ్లు ఉంచుకునే వేరేవాళ్ల ఇళ్లలో, పెరిగినవాళ్లకు తెలుసు. ఒక్క సంతకంతో నవల ఆ భయాన్నే లేకుండా చేసేసింది. అలా పెరిగిన పాఠకులు ఇద్దరు ముగ్గురు ఇదే విషయం రాస్తే, కథను కథలా చదవమని మిగతావాళ్లు వాళ్ల నోరు మూయించారు. కథే అయినప్పుడు అక్షరాలా నిజమని పొగడటం దేనికి?

ఇక చివరి భాగం. నేను ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే.

1904 అక్టోబర్లో వదిలేసిన పిల్లల్ని చూసుకునే న్యూయార్క్ ఫౌండ్లింగ్ హాస్పిటల్‌ను నడిపే క్యాథలిక్ సన్యాసినులు 40 మంది పిల్లల్ని అరిజోనాలోని క్లిఫ్టన్, మొరెన్సీ అనే గని ఊళ్లకు తీసుకెళ్లారు. పిల్లలు ఐరిష్ క్యాథలిక్‌లు. ఊరి పాదిరి ముందుగానే ఎంపిక చేసిన క్యాథలిక్ కుటుంబాలకు వాళ్లను ఇచ్చారు. ఆ కుటుంబాలు మెక్సికన్లవి. తెల్ల పిల్లల్ని మెక్సికన్ ఇళ్లలో పెడతారా అని ఊళ్లోని తెల్లవాళ్లు తుపాకులు పట్టుకుని ఆ ఇళ్లకు వెళ్లి పిల్లల్ని లాక్కున్నారు. 19 మందిని తమ దగ్గరే ఉంచేసుకున్నారు, మిగిలినవాళ్లు న్యూయార్క్ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. హాస్పిటల్ కోర్టుకెక్కితే అరిజోనా కోర్టు లాక్కున్నవాళ్ల వైపే తీర్పిచ్చింది. 1906లో అమెరికా సుప్రీంకోర్టు ఈ అప్పీలు తన పరిధిలోకి రాదని కొట్టేసింది.

నవల్లో ఊరి పేరు మార్చారు, మిగతాదంతా ఈ ఘటనే. కాకపోతే తలకిందులు చేశారు. అందులో మెక్సికన్ ఇల్లు మురికిగా, ప్రమాదంగా ఉంటుంది. రాత్రిపూట తుపాకులతో వచ్చినవాళ్లు పిల్లల్ని కాపాడిన వీరులు. తన చేతుల్లోంచి బిడ్డను లాక్కుపోతుంటే ఆ ఇంటి ఆడమనిషికి రచయిత ఒక్క మాట కూడా ఇవ్వలేదు. పుస్తకం చివర రచయిత మాట లేదు, ఏది జరిగింది ఏది కల్పించాం అని చెప్పే ఒక్క వాక్యం కూడా లేదు. ఎక్కువ మంది పాఠకులు మనసు నిండిపోయిందని పొగిడింది ఈ భాగాన్నే. ఆ రాత్రి బిడ్డను పోగొట్టుకున్న ఇళ్లకు ఇది రెండోసారి జరిగిన అన్యాయం. కల్పనకు స్వేచ్ఛ ఉండాలని నేనూ అంటాను. కానీ ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్లనే దొంగల్ని చేయడాన్ని స్వేచ్ఛ అనలేను.

పదేళ్ల పిల్లలకు కూడా ఇవ్వొచ్చని రాసిన రివ్యూలను అసలు పట్టించుకోవద్దు. పశువుల కొట్టంలో ఆడపిల్లను హింసించే ఘట్టం పేజీల కొద్దీ సాగుతుంది. ఇల్లు మారి వచ్చిన పిల్లలున్న చోట ఈ పుస్తకాన్ని ముందు పెద్దవాళ్లు చదవకుండా ఇవ్వకండి.

ఇంకా కొనాలనే ఉంటే ఐదు స్టార్ల రివ్యూలు వదిలేసి మూడు స్టార్లవి చదవండి. ఏ అధ్యాయంలో ఏం తేడా ఉందో రాసేది ఎక్కువగా వాళ్లే. వివరాల్లో పేజీల సంఖ్య, రచయిత పేరు చూడండి. నవల రాసిన పేరు కాకుండా వేరే పేరు ఉన్నా, వంద పేజీల లోపే ఉన్నా అది నవల కాదనే అనుకోండి. నమూనా పేజీలు ఇస్తే చివర రచయిత మాట ఉందేమో విషయసూచికలో వెతకండి. ఇప్పటికే ఆర్డర్ పెట్టేసినవాళ్లు పార్శిల్ రాగానే ప్లాస్టిక్ కవర్ విప్పకుండా అట్ట రెండు వైపులా ఫోటో తీసుకోండి. సైట్‌లో ఆ పుస్తకం పేజీని కూడా ఇవాళే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నేను ఫిర్యాదు చేసిన తర్వాత వివరణలో 'సారాంశం' అన్న మాటను పైకి తెచ్చి, మొదటినుంచీ అక్కడే ఉందని నాతో వాదించారు.