రొమ్ము ఆపరేషన్ తరువాత హార్మోను బిళ్ళ: టామోక్సిఫెనా, లెట్రోజోలా, అసలు వద్దా?

మా చెల్లెలికి 49 ఏళ్ళు. రొమ్ము ఆపరేషన్ జరిగి, కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవడం కూడా పూర్తయ్యి, నరసాపురం దగ్గరి తన ఊళ్ళో మళ్ళీ లేసు అల్లిక చేతపట్టిన వారానికి డాక్టరుగారు ఒక చీటీ రాసిచ్చారు: టామోక్సిఫెన్ 20 మిల్లీగ్రాములు, రోజుకొకటి, ఐదేళ్ళు. ఆమె ఆ చీటీని నూలు ఉండల డబ్బాలో పెట్టి పదిహేను రోజుల పాటు మందుల షాపు గడప తొక్కలేదు. “గడ్డ తీసేశారు కదక్కా, లేనిదానికి ఐదేళ్ళు మందెందుకు?” అన్నది ఆమె ప్రశ్న. అందులో తప్పేమీ లేదు కనుక, ఆమెకు చెప్పడం కోసం నేను కూడబెట్టుకున్న సంగతులను ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. హార్మోను చికిత్స అనగానే ఒంట్లోకి హార్మోను ఎక్కిస్తారని చాలామంది అనుకుంటారు, కానీ జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. కొన్ని రొమ్ము కాన్సర్ల కణాలు ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోనును ఆసరా చేసుకుని పెరుగుతాయి. ఆ ఆసరా అందకుండా చేయడమే ఈ మందుల పని. బయాప్సీ రిపోర్టులో ఈఆర్ (ఈస్ట్రోజెన్‌ను అందుకునే గ్రాహకం) గానీ పీఆర్ (ప్రొజెస్టెరాన్ అనే మరో స్త్రీ హార్మోను గ్రాహకం) గానీ పాజిటివ్ అని ఉంటేనే ఈ చర్చ. రెండూ నెగెటివ్ అయితే ఈ మాత్రలతో ప్రయోజనం లేదు కనుక ఎంచుకోవడమన్న మాటే ఉండదు.

ఇక వేసుకోవడమా, మానడమా అన్నది చూద్దాం. ఆపరేషన్ కంటికి, స్కానింగుకు కనబడినదాన్ని తీస్తుంది. అప్పటికే ఎముకలోకో కాలేయంలోకో చేరి అణగి ఉన్న ఏ నాలుగు కణాలో దానికి దొరకవు. ఈఆర్ పాజిటివ్ రకానికి ఒక దుర్గుణం ఉంది: పదేళ్ళు, పదిహేనేళ్ళు నిమ్మళంగా ఉండి కూడా తిరగబెట్టగలదు. అనేక దేశాల పరిశోధనలను ఒకచోట చేర్చి 2011లో ప్రచురించిన విశ్లేషణలో, ఐదేళ్ళు టామోక్సిఫెన్ వాడిన ఈఆర్ పాజిటివ్ స్త్రీలలో, వాడుతున్న కాలంలో వ్యాధి తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. పదిహేనేళ్ళు గడిచేసరికి రొమ్ము కాన్సర్‌తో మరణించినవారు మందు వాడనివారిలో 100కి సుమారు 33 మంది కాగా, వాడినవారిలో 24 మంది. మాత్ర ఆపేసిన తరువాత కూడా ఏళ్ళ తరబడి రక్షణ నిలిచిందన్నమాట.

అయితే సగం అన్న మాటను విడిగా పట్టుకుంటే మోసపోతాం. చంక గ్రంథుల్లోకి బాగా పాకిన వ్యాధిలో తిరగబెట్టే అవకాశం నూటికి 40 ఉందనుకుంటే సగం తగ్గితే 20 మంది బయటపడతారు. చిన్న గడ్డ, గ్రంథులు శుభ్రంగా ఉండి, ఆ అవకాశం 6 మాత్రమే అయితే ముగ్గురు బయటపడతారు. (ఈ 40, 6 లెక్క తెలియడానికి నేను వేసుకున్నవి మాత్రమే.) ఆ ముగ్గురిలో ఒకరు కావడం కోసం ఐదేళ్ళ ఇబ్బంది పడాలా అన్నది న్యాయమైన ప్రశ్న. ఎనభై దాటి, గుండె జబ్బు వంటివి ఉండి, మిల్లీమీటర్లలో కొలిచే గడ్డ ఒకటి తీయించుకున్న పెద్దావిడ వద్దంటే నేను వాదించను. యాభై ఏళ్ళ మనిషి, ముందు ముప్ఫై ఏళ్ళ జీవితం ఉన్న మనిషి, కనీసం మొదలుపెట్టి చూడకుండా మానేయడం మాత్రం నాకు సబబుగా తోచదు. మొదలుపెట్టిన మాత్రను పడకపోతే ఆపుకోవచ్చు. తిరగబెట్టిన వ్యాధిని వెనక్కి పంపలేము.

ఏ మాత్ర అన్నది ఇంకా చిక్కు. టామోక్సిఫెన్ రొమ్ము కణంలో ఈస్ట్రోజెన్ కూర్చునే చోటును ఆక్రమిస్తుంది కనుక ముట్లు ఆగినవారికీ ఆగనివారికీ పని చేస్తుంది. లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఎగ్జిమెస్టేన్ మరో వర్గం. ముట్లు ఆగాక కొవ్వు, కండరాలలో ఈస్ట్రోజెన్ తయారుచేసే ఎంజైమును ఇవి అడ్డుకుంటాయి. అండాశయాలు పని చేస్తున్న స్త్రీకి ఇవి ఒంటరిగా సరిపోవు. నెలనెలా గోసెరెలిన్ వంటి ఇంజెక్షన్‌తో ముందు అండాశయాలను నిద్రపుచ్చాలి. ముట్లు ఆగినవారిలో మాత్రం ఈ రెండో వర్గానిదే కొంత పైచేయి: 2015 నాటి విశ్లేషణలో పదేళ్ళకు రొమ్ము కాన్సర్ మరణాలు టామోక్సిఫెన్‌తో 100కి 14, వీటితో 12. అదే విశ్లేషణలో ఐదేళ్ళలో ఎముక విరిగినవారు టామోక్సిఫెన్‌తో 100కి ఐదారుగురు కాగా, వీటితో ఎనిమిది మంది.

మన డెల్టాలో ఇక్కడే ఒక మెలిక పడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 100కి సుమారు ముగ్గురుంటే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిది మంది. మా చెల్లెలికి 34వ ఏట, తెల్లబట్ట అవుతోందని వెళితే, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తీసేశారు. అండాశయాలు ఉంచారో లేదో చెప్పే కాగితం కూడా ఇవ్వలేదు. “ముట్లు ఎప్పుడు ఆగాయమ్మా?” అని కాన్సర్ డాక్టరు అడిగితే ఆమె “పదిహేనేళ్ళయింది” అంది. గర్భసంచి లేక ముట్లు ఆగినా అండాశయాలు పని చేస్తూ ఉండవచ్చు కనుక, ఆ జవాబును పట్టుకుని లెట్రోజోల్ రాసి ఉంటే పొరపాటయ్యేది. ఆయన స్కానింగుతో పాటు, అండాశయాలు పని చేస్తున్నాయో లేదో చెప్పే ఎఫ్ఎస్‌హెచ్, ఎస్ట్రాడయోల్ హార్మోను రక్తపరీక్షలు చేయించారు. అండాశయాలు ఉన్నాయి, పని చేస్తున్నాయి. గడ్డ చిన్నది, గ్రంథులు శుభ్రం కనుక ఇంజెక్షన్లు కూడా అక్కర్లేదని, టామోక్సిఫెన్ చాలని తేల్చారు.

దాన్ని వేసుకోకపోవడానికి ఆమె చెప్పిన రెండో కారణం, ఆ బిళ్ళ గర్భసంచికి కాన్సర్ తెస్తుందని పక్కింటి వదిన చెప్పడం. ఆ మాట అబద్ధం కాదు. ముఖ్యంగా యాభై దాటినవారిలో ఆ ముప్పు కొద్దిగా పెరుగుతుంది, ముట్లు ఆగాక రక్తస్రావం కనబడితే వెంటనే చూపించుకోవాలి. కానీ గర్భసంచే లేని మనిషికి ఆ భయమెందుకు? ఆమెకు మిగిలినది కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు. ఒక కాలే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆసుపత్రికి పరుగెత్తమని చెప్పాను. మనసు బాగాలేక ఫ్లూయోక్సెటిన్, పారోక్సెటిన్ వాడేవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. అవి టామోక్సిఫెన్‌ను ఒంట్లో పనిచేసే రూపంలోకి సరిగా మారనివ్వవు.

లెట్రోజోల్ తప్పినందుకు నేను లోలోపల సంతోషించాను. ఆ వర్గం మందులతో పొద్దున లేచేసరికి వేళ్ళ కణుపులు బిగుసుకుంటాయని చాలామంది చెబుతారు. లేసు అల్లే మనిషికి బొటనవేలు, చూపుడువేలే జీవనాధారం. రెండు మూడేళ్ళ తరువాత పరీక్షలు మళ్ళీ చేసి, అండాశయాలు నిజంగా ఆగిపోతే మార్చవచ్చని డాక్టరు అన్నారు. అప్పుడు ఎముకల సాంద్రత చూపే డెక్సా స్కాన్ తీయించాలి. వేళ్ళు పట్టేస్తే కొన్నాళ్ళు ఆపి అదే వర్గంలోని మరో మాత్రకు మారవచ్చు, లేదా టామోక్సిఫెన్‌కే తిరిగి రావచ్చు.

ప్రస్తుతానికి ఆమె బాధ ఆవిర్లు. మే నెల ఉక్కలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, మెడ మీద నుంచి చెవుల దాకా సెగ ఎక్కి చేతిలోని తెల్ల నూలు చెమటకు మాసిపోతోందని, అల్లికను ఇప్పుడు తెల్లవారుజామునకు మార్చుకుంది. మాత్రల అట్ట మాత్రం ఆ నూలు డబ్బాలోనే ఉంటుంది. సూది తీసేటప్పుడు గుర్తొస్తుందట.