పెద్దకర్మకి పుస్తకం వేయించాం: విజయనగరంలో ఒక డీటీపీ షాపు సంగతి

మా మావయ్యగారి పెద్దకర్మకి వచ్చినవాళ్లకి స్టీలు గిన్నెలు పంచే బదులు ఆయన గురించి చిన్న పుస్తకం వేసి ఇద్దామని మా ఆయన అన్నారు. అత్తయ్యగారు ఒప్పుకున్నారు గానీ "మీ నాన్నని దేవుణ్ని చేసి రాయకండిరా" అని ముందే చెప్పేశారు. ఆ పుస్తకం వేసిన షాపు గురించి ఈ రివ్యూ. గంటస్తంభం దగ్గర మేడ మీద ఉంటుంది, మెట్లు ఇరుకు, లోపల పెళ్లి కార్డుల శాంపిళ్లు, ఫ్లెక్సీ చుట్టలు, ఇద్దరు ఆపరేటర్లు. తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయట్లేదు.

ముందు మంచి మాట. మేం అడిగిన కాపీలు తక్కువే. ఐదొందలు దాటితే ప్లేట్లు చేసి వేసే ఆఫ్‌సెట్ కిట్టుబాటు, మీకు డిజిటలే నయం అని ఓనరు మొదట్లోనే చెప్పేశాడు, ఇంకో వంద వేయించుకోండి అని సాగదీయలేదు. సెంటర్ పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుల లెక్కన రావాలని, మా మేటరు పద్నాలుగు పేజీలే అయింది కాబట్టి రెండు మిగులుతాయని కాగితం మడతపెట్టి చూపించాడు. కాపీకి నలభై పైచిలుకు పడింది, లామినేషన్ కవరుతో కలిపి. ఆ రేటుకి పేపరు బాగుంది.

ఇక ఫోటో. ఇక్కడే నాకు ఒళ్లు మండింది. మావయ్యగారు ఆర్టీసీ కండక్టరు, రిటైరయ్యే వరకూ ఖాకీ చొక్కా, భుజాన తోలు సంచి. మేం ఇచ్చింది ఆ ఖాకీ ఫోటోయే. మర్నాడు ప్రూఫ్ చూస్తే ఆయనకి నీలం కోటు, ఎర్ర టై, మొహం పాలలో ముంచి తీసినట్టు తెలుపు, నుదుటి మీద గీతలు మాయం. అత్తయ్యగారు కళ్లజోడు సవరించుకుని "ఎవరే ఈయన?" అన్నారు. మేం వెనక్కి పట్టుకెళ్తే ఆపరేటరు కుర్రాడు నిజంగానే నొచ్చుకున్నాడు. "బాగునేదేటమ్మా? అందరూ ఇదే ఎయ్యమంటారు మరి." అడగకుండా మనిషి రంగు మార్చేయడం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు, బతికుండగా నల్లగా ఉన్నవాడు పోయాక ఎందుకు తెల్లబడాలి? మళ్లీ ఖాకీ ఫోటోయే పెట్టించాం, చెంప మీద మచ్చతో సహా.

రెండో గొడవ ఫాంటుది. నేను వాట్సాప్‌లో పంపిన మేటరు యూనికోడ్, వీళ్లు వాడేది అను ఫాంట్స్ అనే వేరే రకం, ఒకదాంట్లోది ఇంకోదాంట్లో నేరుగా పడదు, అందుకని మొత్తం మళ్లీ చేత్తో కొట్టారు. కొడితే కొట్టారు, "రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్" కాస్తా "రిటైర్డ్ ఆర్టీసీ కాంట్రాక్టర్" అయి కూర్చుంది. ఆయన జీతం ఎంతో తెలిసిన మా ఇంట్లో అందరూ ఆ ఏడుపు రోజుల్లోనే పడీ పడీ నవ్వారు. పైగా మేం రాయని వాక్యం ఒకటి వాళ్లే చేర్చారు, "పరోపకారమే ఊపిరిగా జీవించిన ధన్యజీవి" అని, ఏ పాత ఫైల్లోదో. అది తీయించేశాం.

ఎందుకంటే ఆయన ఊపిరి ఇల్లే. పాలకొండ వైపు నైట్ అవుట్ డ్యూటీ పడితే మర్నాడు పొద్దున్న సంచిలో ఏదో ఒకటి ఉండాల్సిందే, సీజన్లో అయితే సీతంపేట అనాసపళ్లు. నాకు స్కూల్లో ఉద్యోగం వచ్చాక పొద్దున్నే లేచి క్యారేజీ కట్టిచ్చింది ఆయనే, కోడలికి మావగారు క్యారేజీ కట్టడమేమిటని వీధిలో గుసగుసలు పోతే "టికెట్ తీసుకున్నవాళ్లే మాటాడాలి" అనేవారు. మనవరాలికి రెండు జడలు వేయడం కూడా నేర్చుకున్నారు, పాపిడి మాత్రం ఎప్పుడూ వంకరే.

అలా ఇల్లు సర్దాక మిగిలిన టైములో ఊరి పనులు. సిరిమానోత్సవం మంగళవారం నాడు మా ఇంట్లో ఆయన కనబడేవారు కాదు, పైడితల్లి గుడికీ కోటకీ మధ్య సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, మూడుసార్లు తిరిగే ఆ జనంలో నీళ్ల ప్యాకెట్లు అందిస్తూ, తప్పిపోయిన పిల్లల్ని మైకు దగ్గరికి చేరుస్తూ ఉండేవారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి కరెంటు పోయినప్పుడు ఎక్కడో జనరేటరు సంపాదించి మా వీధి బోరుకి పెట్టించారు, వరసలో బిందెలు పెట్టించడం కూడా బస్సు ఎక్కించినట్టే, "ముందుకి జరగండి, ముందుకి" అని.

అన్నిటికంటే రక్తదానం. మూడు నెలలు నిండితే చాలు, వెళ్లి ఇచ్చి వచ్చేవారు. 65 దాటాక ఇక తీసుకోం అన్నారని రెండు రోజులు ముభావంగా ఉన్నారు, ఆ తర్వాత ఒక లాంగ్ నోటుబుక్కు కొన్నారు. టీ కొట్టు దగ్గర, పెళ్లి భోజనాల్లో, ఎవరు కనబడితే వాళ్ల గ్రూపు, ఊరు, ఫోను, ఆఖరుసారి ఇచ్చిన తేదీ. బస్సులో ఎస్.ఆర్. (కండక్టరు టికెట్ల లెక్క రాసే కాగితం) నింపినట్టే గళ్లు గీసి, నెగెటివ్ గ్రూపులన్నీ ఎర్ర సిరాతో. 2023 అక్టోబరు 29 రాత్రి, కంటకాపల్లి దగ్గర రెండు రైళ్లు గుద్దుకున్నాయని టీవీలో వస్తుంటే, ఆయన ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఫోన్ మీద ఫోన్. క్షతగాత్రుల్ని మన పెద్దాసుపత్రికే తెస్తున్నారు, మీరు రెడీగా ఉండండి, పిలిస్తేనే రండి, గుంపుగా పోయి అడ్డం పడకండి. ఆ ఆఖరి మాట ఎంతమందికి తడుతుంది?

ఆ నోటుబుక్కులో ఒక పేజీ పుస్తకంలో వేయమని ఇచ్చాం. ఇక్కడ షాపుకి పూర్తి మార్కులు. మాకు తట్టలేదు గానీ, ఫోటోకి కోటు తొడిగిన ఆ కుర్రాడే "నంబర్లు కనబడతన్నాయి, అలాగే వేసేస్తే ఎలాగమ్మా" అని ఫోన్ నంబర్లు, ఇంటిపేర్లు అన్నీ మసక చేశాడు, గ్రూపులు, ఎర్ర సిరా మాత్రం ఉంచాడు. మిగిలిన రెండు పేజీల్లో గీతా శ్లోకాలు పెట్టమంటారా అని ఓనరు అడిగాడు. వద్దని, ఒక పేజీలో రక్తం ఎవరు ఇవ్వొచ్చో రాయించాం: 18 నుంచి 65 ఏళ్ల లోపు, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5, మగవాళ్లు 90 రోజులకి ఒకసారి, ఆడవాళ్లు 120 రోజులకి. రెండో పేజీ ఖాళీ గళ్లు, ఆయన గీసినట్టే. కర్మ రోజు డిపో వాళ్లు భోజనాల బల్ల మీదే పెన్నులు తీసి నింపారు.

డెలివరీ మాత్రం దారుణం. ముందురోజు సాయంత్రం అన్నది కర్మ రోజు పొద్దున్నకి వచ్చింది, కొన్ని కాపీల్లో పిన్ను పక్కకి పోయింది. అడిగితే ముహూర్తాల సీజను, పెళ్లి కార్డుల ఒత్తిడి అన్నారు. పెళ్లి వాయిదా వేయలేరు నిజమే, కర్మ మాత్రం వాయిదా పడుతుందా?

అయిదుకి మూడున్నర ఇస్తాను. వెళ్లేవాళ్లు మేటరు కాగితం మీద ప్రింటు తీసి పట్టుకెళ్లండి, ఫోటోకి ఏమీ చేయొద్దని ఆ కాగితం మీదే రాసివ్వండి, ఆఖరి ప్రూఫ్ ఫోన్లో కాదు, అక్కడ కూర్చుని చూడండి. అడ్వాన్సు సగానికి మించి ఇవ్వకండి. మా ఫైలు వాళ్ల కంప్యూటర్లోనే ఉంది, డిపోలో ఇంకా కాపీలు అడుగుతున్నారు కాబట్టి పెళ్లిళ్ల హడావిడి తగ్గాక మళ్లీ వేయిస్తాం, పిన్ను సంగతి ఈసారి ముందే మాట్లాడుకుని.