వైఫై స్మార్ట్ స్పీకరా, మామూలు బ్లూటూత్ స్పీకరా: ఏది మేలు?

తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంట్లో పొద్దున ఐదింటికల్లా కీర్తనలు మోగాలి. అమ్మకు వేళ్ల కీళ్లు నొప్పి, ఫోన్‌లో చిన్న అక్షరాలు కనబడవు. అందుకని ఆమె కోసం, నోటితో చెబితే వైఫై ద్వారా పాట పెట్టే, బ్యాటరీతో నడిచే స్మార్ట్ స్పీకర్ కొన్నాను. మామూలు బ్లూటూత్ స్పీకర్ తమ్ముడి దగ్గర ముందునుంచే ఉంది. మూడు నెలలుగా రెండూ వాడుతున్నాం.

ముందు సౌండ్ సంగతి. పరీక్షకు నేను మృదంగం వింటాను. కుడి వైపు పలికే మాటల్లాంటి దెబ్బలు రెండింట్లోనూ బాగా వినిపించాయి. ఎడమ వైపు గుమ్మనే నాదం మాత్రం స్మార్ట్ స్పీకర్‌లో కాస్త పలచబడింది. అరచేతిలో పట్టే డబ్బాలోని చిన్న కోన్ (ఊగుతూ శబ్దం పుట్టించే గరాటు లాంటి భాగం) ఎక్కువ గాలిని కదిలించలేదు. అందుకే చాలా కంపెనీలు లోపలి గాలి ఒత్తిడికి ఊగే పొరలను పక్కన అమర్చి బేస్ పెంచుతాయి. ఖర్చు లేని ఉపాయం ఇంకొకటి ఉంది: స్పీకర్‌ను గోడ మూలకు జరిపితే బేస్ పెరుగుతుంది. వంటింటి గట్టు మూలన పెట్టాక అమ్మ స్పీకర్‌లోనూ మృదంగం నిండుగా వినిపించింది. అదే మిద్దె మీదికి తీసుకెళ్తే చుట్టూ గోడల్లేక రెండూ తేలిపోయాయి. అక్కడ తమ్ముడి స్పీకరే నయం, గట్టిగా మోగుతుంది. గొంతు స్పష్టంగా కావాలనుకునేవాళ్లు ట్వీటర్, అంటే సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్, విడిగా ఉందో లేదో చూసుకోవాలి. ఉదాహరణకు జేబీఎల్ ఫ్లిప్ 6లో బేస్ పలికే 20 వాట్ల వూఫర్, 10 వాట్ల ట్వీటర్ వేరువేరుగా ఉంటాయి.

వాడుకలో మాత్రం అమ్మకు స్మార్ట్ స్పీకరే హాయి. పిండి చేతులతోనే పాట మార్చమంటుంది. తెలుగులో ఆజ్ఞలు తీసుకోదు కాబట్టి ‘ప్లే’, ‘స్టాప్’, ‘వాల్యూమ్ డౌన్’ అని నేర్పించాను, రెండు రోజుల్లో అలవాటైంది. మిక్సీ తిరిగేటప్పుడు మాత్రం గట్టిగా అరవాల్సిందే. పాట వైఫై నుంచి నేరుగా వస్తుంది కనుక ఎవరి ఫోన్ మోగినా ఆగదు. బ్లూటూత్ స్పీకర్‌కు ఆ వీలు లేదు. తమ్ముడు ఫోన్ జేబులో వేసుకుని బండి తీస్తే పాట కూడా అతనితోనే పోతుంది.

కరెంటు పోయిన రోజు నాకు అసలు విషయం అర్థమైంది. స్పీకర్‌లో చార్జింగ్ నిండా ఉంది, కానీ రౌటర్ ఆగిపోయింది. పాట ఆగింది, పిలిచినా పని జరగలేదు. బ్యాటరీ ఉంది కదా అని కొనేవాళ్లు ఇది తప్పక ఆలోచించాలి. రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టాక మాకు ఆ టెన్షన్ తీరింది. ఇంకో సంగతి, మన పిలుపు కోసం మైకు ఎప్పుడూ వింటూనే ఉంటుంది కాబట్టి ఊరికే పెట్టినా చార్జింగ్ తగ్గుతుంది. ఇంటి మాటలు వినకూడదనుకుంటే మైకు ఆపే బటన్ నొక్కవచ్చు.

పలమనేరు దగ్గర పెద్దమ్మ వాళ్ల మామిడి తోటకు వెళ్లినప్పుడు స్మార్ట్ స్పీకర్‌ను ఇంట్లోనే వదిలేశాం. అక్కడ వైఫై లేదు. ఫోన్‌లో ముందే దింపుకున్న పాటలు బ్లూటూత్ స్పీకర్‌లో సాయంత్రం దాకా విన్నాం. దుమ్ములో వాడేదైతే ఐపీ67 గుర్తు చూడండి. 6 అంటే దుమ్ము లోపలికి పోదు, 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుంది.

ఇంట్లో పెద్దవాళ్ల కోసమైతే నేను స్మార్ట్ స్పీకరే కొనమంటాను. తిరుగుళ్లకైతే బ్లూటూత్ చాలు, స్మార్ట్‌కు పెట్టే అదనపు డబ్బు దండగ. ఒక్కటే కొనగలిగితే వైఫై, బ్లూటూత్ రెండూ ఉన్నది వెతకండి. సోనోస్ రోమ్ అలాంటిదే: బరువు 430 గ్రాములు, కంపెనీ లెక్కన 10 గంటల బ్యాటరీ, ఐపీ67 కూడా ఉంది. గాంధీ రోడ్డు షాపుల్లో అడిగితే హోరెత్తే సినిమా పాట పెట్టి వినిపిస్తారు. దాన్ని ఆపించి, ఒక్క గొంతు, తంబుర మాత్రమే ఉన్న పాటను సగం వాల్యూమ్‌లో పెట్టమనండి.