మెటాలికా ఆల్బమ్: ఫోన్‌ల వినాల్నా, రికార్డ్ కొనాల్నా?

2023 ఏప్రిల్ 14న అమెరికా రాక్ బ్యాండ్ మెటాలికా ఆల్బమ్ '72 సీజన్స్' వచ్చినప్పుడు నల్లగొండ బస్టాండ్ల ఎక్కి హైదరాబాద్ పోయేదాకా ఇయర్‌ఫోన్స్ తియ్యలే, 12 పాటలు, 77 నిమిషాలు, మస్తనిపిచ్చి తర్వాత రికార్డ్ (ప్లేయర్ మీద సూది పెట్టి వినే వినైల్ డిస్క్) గూడ తెప్పించుకున్న.

ఖర్చు: ఫోన్‌కు నెల ప్యాక్ చాలు. రికార్డ్‌కు వేలల్ల పెట్టాలె, ప్లేయర్ వేరే.

తిప్పలు: రికార్డ్ రెండు డిస్కులు, మధ్యమధ్యల లేచి తిప్పాలె. కానీ సూది దించంగనే ఆ చిటపట, ఎనకనే గిటార్ వస్తే పాట దాటేయబుద్ధి గాదు. ఆఖరి పాట 'ఇనమొరాటా' 11 నిమిషాలుంటది, ఫోన్‌ల సగంలనే ఆపేసేటోన్ని, రికార్డ్ మీద విన్నంకనే దాని విలువ తెలిసింది.

రిస్క్: మన ఎండలకు రికార్డ్ వంకర పోతది, జాగ్రత్త.

బస్సులల్ల తిరిగేటోళ్లకు, కొత్తగ వినేటోళ్లకు ఫోనే మంచిది. ఇంట్ల కూసొని వినే టైముండి, బ్యాండ్ సింగర్ జేమ్స్ హెట్‌ఫీల్డ్ గొంతంటే పానమైతే రికార్డే కొనుర్రి.