పాత పికప్ ఇంజిన్ హీటెక్కుతుంటే పనికొచ్చే నాలుగు పరికరాలు: ఐదేళ్లు వాడాక నా మార్కులు

రేడియేటర్ ప్రెజర్ టెస్టర్, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్‌కూ ఇంజిన్ బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు) లీకును పట్టించే నీలం ద్రవపు బ్లాక్ టెస్టర్, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, వాడుకలో నీరు) పోసే గరాటు. ఐదేళ్లుగా ఈ నాలుగూ నేను వాడుతున్నది ఇంజినే ఫ్యాన్‌ను తిప్పే పాతకాలపు పికప్‌ల మీద. ఏ కంపెనీవి కొన్నా లోపలి పని ఒకటే కాబట్టి పేర్లతో పని లేదు. గరాటు తప్ప మిగతా మూడూ అప్పుడప్పుడు అబద్ధం చెబుతాయి. ఏది ఎక్కడ చెబుతుందో తెలియకపోతే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్‌కు నీటి దారి తెరిచే వాల్వ్), పంపు, రేడియేటర్ వరసపెట్టి మార్చేసినా హీటు మీటరు ముల్లు మళ్లీ ఎర్రగీత దగ్గరికే వెళ్తుంది.

పరికరం తీసే ముందు, ముల్లు ఎప్పుడు లేస్తోందో ఒక కాగితం మీద రాసుకోండి. బండి ఆగి ఉన్నప్పుడో, ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడో లేచి, వేగం అందుకోగానే దిగితే రేడియేటర్‌కు గాలి చాలట్లేదు. నిలబడితే బాగానే ఉండి, వేగంలోనో బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడో లేస్తే అనుమానం నీటి ప్రవాహం మీదికి, పూడిపోయిన కోర్ (రేడియేటర్‌లోని సన్నటి గొట్టాల జాలి) మీదికి, హెడ్ గ్యాస్కెట్ మీదికి వెళ్లాలి. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు ఎగిరిందంటే ఇంజిన్‌కు ఏమీ కాలేదు, ఎర్త్ వైరు వదులైంది. ఖర్చు లేని ఈ కాగితమే సగం పని తేల్చేస్తుంది.

పదికి తొమ్మిది ప్రెజర్ టెస్టర్‌కే. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీయాలి, వేడి మీద తీస్తే కూలెంట్ ముఖాన చిమ్ముతుంది. మూత మీద 0.9 అనో 1.1 అనో అచ్చు ఉంటుంది. అది బార్లలో పీడనం. టెస్టర్‌ను మూత స్థానంలో బిగించి గాలి అంతవరకే కొట్టాలి, దాటితే పాత రేడియేటర్ అతుకులు నోరు తెరుస్తాయి. పదిహేను, ఇరవై నిమిషాలు టెస్టర్ ముల్లు కదలకుండా నిలవాలి. దిగితే హోస్ క్లిప్పులు, రేడియేటర్ ట్యాంకు అంచులు, వాటర్ పంపు కిందుండే చిన్న రంధ్రం వేలితో తడుముతూ చూడండి. ఆ రంధ్రం దగ్గర కూలెంట్ రంగు ఎండి పొరగా అంటుకుని ఉంటే పంపు సీలు పోయినట్టే. బయట ఎక్కడా చుక్క లేకపోతే డాష్‌బోర్డు కింద కార్పెట్‌ను నొక్కి చూడండి. చేతికి తియ్యటి వాసనతో జిగట తగిలితే హీటర్ కోర్ (క్యాబిన్‌ను వెచ్చబరిచే చిన్న రేడియేటర్) కారుతోంది. అక్కడా పొడిగా ఉంటే నీరు సిలిండర్‌లోకి పోతోందేమో ప్లగ్గులు విప్పి చూడాలి.

దీని అబద్ధం అడాప్టర్ (టెస్టర్‌ను రేడియేటర్ నోటికి కలిపే ముక్క) రబ్బరులో ఉంది. ఏడాది దాటితే ఎండి, గట్టిపడి, తనే గాలి వదులుతుంది. లీకు బండిదనుకుని గంటలు పోతాయి. బిగించే ముందు రబ్బరుకు కాస్త కూలెంట్ రాసి, ముందు లీకు లేని బండి మీద ఒకసారి పరీక్షించుకోండి.

మూతను ఇదే టెస్టర్‌తో విడిగా పరీక్షించొచ్చు. చాలామంది వదిలేసేది ఇదే. సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలు గాలి పీడనంలో దాదాపు 107 డిగ్రీల సెల్సియస్‌కు మరుగుతుంది. ఒక బార్ పీడనం నిలిపితే 128 దాకా మరగదు. మూత స్ప్రింగ్ నీరసించిందంటే ఇంజిన్ సరైన వేడిలో ఉన్నా నీరు పొంగి పక్క డబ్బాలోకి పోతుంది, ఆ వెలితితో నిజంగానే హీటెక్కుతుంది. చల్లారాక పై హోస్ నొక్కుకుపోయి పడి ఉంటే మూతలోని రెండో వాల్వ్, అంటే నీటిని తిరిగి లోపలికి లాగేది, ఇరుక్కుపోయింది.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌కు ఏడు. బాగా పనికొస్తుంది, కానీ ఇంతలా తప్పుదోవ పట్టించేది మరొకటి లేదు. మెరిసే అల్యూమినియం మీద గురిపెడితే అసలు వేడి కంటే చాలా తక్కువ చూపిస్తుంది. థర్మోస్టాట్ హౌసింగ్ మీద చిన్న మాస్కింగ్ టేపు ముక్క అంటించి దాని మీద చదవండి. నల్ల రబ్బరు హోస్ మీద టేపు అక్కర్లేదు. ఎర్ర చుక్క చూపేది గురి మాత్రమే. 12:1 అని రాసి ఉన్నదానితో పన్నెండు అంగుళాల దూరం నుంచి చూస్తే అంగుళం వెడల్పు సగటు వేడి వస్తుంది, ఇంకా వెనక్కి జరిగితే పక్కనున్న మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికి పోయే గొట్టం) వేడి కూడా అందులో కలుస్తుంది. రెండు, మూడు డిగ్రీల తేడా పట్టించుకోవద్దు.

దీని అసలు విలువ ఇంజిన్ నుంచి రేడియేటర్‌కు వేడి నీరు తెచ్చే పై హోస్‌నూ, చల్లబడ్డ నీటిని తిరిగి తీసుకెళ్లే కింది హోస్‌నూ పోల్చడంలో ఉంది. ఇంజిన్ వంద డిగ్రీలు దాటినా కింది హోస్ ఇంకా చల్లగా ఉంటే నీరు తిరగట్లేదు: థర్మోస్టాట్ తెరుచుకోలేదు, పంపు తోయట్లేదు, లేదా కోర్ పూడింది. రెండు హోసులూ దాదాపు ఒకే వేడిలో కాలుతుంటే నీరు తిరుగుతోంది, రేడియేటర్‌కు గాలి తగలట్లేదు. ఆ తర్వాత ఇంజిన్ ఆపి కోర్ ముఖం మీద వరుసగా చదవండి. చుట్టూ వేడిగా ఉండి మధ్యలో అరచేతి మేర చల్లటి మచ్చ తగిలితే అక్కడి గొట్టాలు మూసుకుపోయాయి. లీకు ఆపే పౌడర్లు వేసిన బండ్లలో ఈ మచ్చలు తరచుగా కనబడతాయి. ఆ పౌడర్‌కు లీకు గొట్టమేదో మంచి గొట్టమేదో తెలియదు.

థర్మోస్టాట్ అనుమానం వస్తే విప్పి, గిన్నెలో నీళ్లు కాచి అందులో వేలాడదీయండి. 82 అని అచ్చు ఉన్నది ఆ దరిదాపుల్లో కదిలి, 95 వచ్చేసరికి పూర్తిగా తెరుచుకోవాలి. పూర్తిగా పీకేసి నడిపితే చల్లగా ఉంటుందన్న సలహా మాత్రం వినొద్దు. బైపాస్‌ను (నీటిని రేడియేటర్‌కు పంపకుండా ఇంజిన్‌లోకే తిప్పే పక్కదారి) మూసే అడుగు పళ్లెం ఉన్న రకాల్లో వాల్వ్ తీసేస్తే వేడి నీరు రేడియేటర్ వైపు పోకుండా బైపాస్‌లోనే తిరుగుతుంది, హీటు ఇంకా పెరుగుతుంది.

బ్లాక్ టెస్టర్‌కు ఆరున్నర. సిలిండర్ పొగ కూలెంట్‌లోకి వస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్‌కు నీలం ద్రవం పసుపుగా మారుతుంది. పని తేలికే. చల్లటి ఇంజిన్ మీదే కూలెంట్‌ను ఐదారు సెంటీమీటర్లు దించి, గొట్టాన్ని రేడియేటర్ నోటికి బిగించి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడిపి, రబ్బరు బుడ్డిని రెండు నిమిషాలు నెమ్మదిగా పిండాలి. నీరు పైకి లేచి ద్రవంలో కలిసిందా, ఆ ద్రవం పారబోయాల్సిందే. తలుపులు మూసిన షెడ్డులో చేస్తే సైలెన్సర్ పొగకే రంగు మారుతుంది. పాత ద్రవం అసలు మారకపోవచ్చు. అందుకే కొంచెం విడిగా తీసి గొట్టంతో నోటి గాలి ఊదండి, మారితే ద్రవం బతికే ఉంది. రంగు మారకపోతే గ్యాస్కెట్ బాగున్నట్టు కాదు. బరువు మీద మాత్రమే తెరుచుకునే సన్నటి చీలిక ఐడిలింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు, దొరకదు. డీజిల్‌లో ఇంకా కష్టం, ఐడిలింగ్‌లో పొగలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ. అలాంటప్పుడు చల్లటి ఇంజిన్‌కు ప్రెజర్ టెస్టర్ బిగించి స్టార్ట్ చేస్తే, నీరు వేడెక్కకముందే ముల్లు దూసుకెళ్తోందా అన్నదే నమ్మదగ్గ సాక్ష్యం. దూసుకెళ్తే వెంటనే ఇంజిన్ ఆపి పీడనం వదిలేయాలి.

గరాటు మంచిదే. ముందు చక్రాలు ఎత్తు మీద పెట్టి, హీటర్ నాబ్ పూర్తి వేడికి తిప్పి, బుడగలు ఆగేదాకా నడిపితే లోపల గాలి మిగలదు. రెండేళ్లకు ప్లాస్టిక్ అడాప్టర్ పగిలింది.

వీటిలో ఏదీ పట్టలేనివి కొన్ని ఉన్నాయి. ఫ్యాన్ క్లచ్, అంటే ఇంజిన్ వేడెక్కినప్పుడు ఫ్యాన్‌ను గట్టిగా పట్టి తిప్పే భాగం: బాగా కాగిన ఇంజిన్ ఆపి, ఫ్యాన్‌ను చేత్తో తిప్పితే బరువుగా అడ్డుపడాలి, గిరగిరా తిరిగితే లోపలి సిలికాన్ నూనె కారిపోయింది. కింది హోస్: లోపలి స్ప్రింగ్ తుప్పుపట్టి పోతే ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో పంపు లాగుడుకు నలిగిపోతుంది, యాక్సిలరేటర్ తొక్కించి కళ్లతో చూడాల్సిందే. ఏళ్లపాటు ఉత్త నీళ్లు పోసిన బండిలో పంపు రెక్కలు అరిగి మొండిగా మిగులుతాయి, బయటికి చుక్క కారదు. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య మట్టి పేరుకుంటే ఇంజిన్ వైపు నుంచి ముందుకు నీళ్లు కొట్టి కడగాలి.

రెండిటికే బడ్జెట్ ఉంటే ప్రెజర్ టెస్టర్, థర్మామీటర్ కొనండి. బ్లాక్ టెస్టర్ ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోవచ్చు, ద్రవం సీసా మాత్రం కొత్తది తీసుకోండి.